దూరపు చెవి

కురుక్షేత్రంలో జరిగిన యుద్ధాన్ని గూర్చి హస్తినాపురంలో కూర్చున్న ధృతరాష్ట్రునికి సంజయుడు చెప్పిన సంగతి మన అందరికీ తెలిసినదే. దీనిని చూపి పురాణకాలంలోనే రేడియో ఉండేదని వాదించడం మా ఉద్దేశం కాదు. దూరాన జరిగేదానిని ఉన్నచోటనే వినాలన్న కోరిక మనిషికి ఎంత పాతదో గుర్తు చేయడానికి మాత్రమే దానిని ఎత్తుకొన్నాము. సొంత ఊరు విడిచి తరాల తరబడి పరాయి గడ్డపై స్థిరపడిన మనవంటి వారికి ఆ కోరిక మరికొంచెం ఎక్కువగానే ఉంటుంది.

ఈ ఉగాది సంచికలో మేము వ్రాయదలచినది హ్రస్వ తరంగాల రేడియోను గూర్చి, అంటే షార్ట్‌వేవ్‌ను గూర్చి. అది పోయినదని చాలామంది అనుకొంటున్నారు. నిజానికి అది వేరొక దారిన మళ్ళీ మన చేతికి వచ్చినది. ఇవాళ హుబ్బళ్ళిలో ఒక గదిలో కూర్చున్న కుర్రవాడు తన సెల్‌ఫోనులో వేలు కదిపి, హాలెండు దేశంలో ఒక విశ్వవిద్యాలయం కప్పుమీద ఉన్న ఏరియల్‌కు తగిలిన తరంగాలను ఏరుకొని వినగలడు. దీనిని ఇంటర్నెట్ రేడియో అనుకోరాదు. అందులో రేడియో స్టేషనువారే తమ కార్యక్రమాన్ని తీగల మీదుగా మనకు పంపుతారు. వారు పంపినదే మనము వింటాము. ఇక్కడ అలా కాదు. దూరదేశంలో ఉన్న ఒక రిసీవరును మనమే తిప్పుతాము. అక్కడి ఆకాశంలో ఆ క్షణాన ఏది ఉంటే అది, గరగరతో సహా, మన చెవిలో పడుతుంది. చెవి అక్కడ, మనిషి ఇక్కడ. ఈ ఏర్పాటు ఎట్లా వచ్చినదో, దానికీ మన దేశానికీ ఉన్న పాత చుట్టరికమేమిటో చెప్పడమే ఈ వ్యాసం పని.

పనికిరానివని పారవేసిన తరంగాలు

1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ సముద్రం ఒడ్డున న్యూఫౌండ్‌లాండులో గాలిపటానికి కట్టిన తీగతో, ఇంగ్లండులోని పోల్డూ నుంచి వచ్చిన మూడు చుక్కల సంకేతాన్ని విన్నట్లు ప్రకటించినాడు. భూమి గుండ్రముగా ఉన్నది కదా, తిన్నగా పోయే తరంగం వంపు తిరిగి సముద్రం ఎట్లా దాటినదని పండితులు ఆశ్చర్యపోయినారు. మరుసటి ఏడు 1902లో అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ వేరువేరుగా ఒకే సమాధానం చెప్పినారు: పైన ఆకాశంలో విద్యుత్తుతో కూడిన పొర ఒకటి ఉండాలి, తరంగాలు దానికి తగిలి మళ్ళీ నేలకు వాలుతున్నాయి అని. దానిని ఇప్పుడు మనము అయనావరణం అంటున్నాము. 1924లో ఆపిల్‌టన్, బార్నెట్ అనేవారు ప్రయోగం చేసి దాని ఉనికిని రుజువు చేసినారు. ఆపిల్‌టన్‌కు ఈ పరిశోధనలకే 1947లో నోబెల్ బహుమానం వచ్చినది. ఈ అయనావరణ పరిశోధన మన తెలుగు గడ్డమీద కూడ జరిగినది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారి ఆధ్వర్యంలో ఆ శాఖ పేరు సంపాదించుకొన్నది.

ఆ తొలిరోజులలో తరంగం ఎంత పొడవైతే అంత దూరం పోతుందని నమ్మకం. వేల మీటర్ల పొడవైన తరంగాల కోసం పెద్ద కంపెనీలు ఆకాశమంటే స్తంభాలు నిలబెట్టినవి. 1912లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, సరదాకోసం వైర్‌లెస్ నడుపుకొనే ఔత్సాహికులను 200 మీటర్లకు దిగువన ఉన్న తరంగాలలోకి నెట్టివేసినది. అవి ఎందుకూ కొరగానివని పెద్దల అభిప్రాయం. చెరువు అడుగున మిగిలిన బురదను బీదవారికి పంచినట్లున్నది ఆ పంపకం.

ఆ బురదలోనే పద్మం పూచినది. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికా ఔత్సాహికుడు స్కాట్లండులోని ఆర్‌డ్రోసన్ అనే ఊరి బయట గుడారంలో కూర్చుని, చలిలో వానలో, తన దేశపు ఔత్సాహికుల సంకేతాలను పట్టుకొన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సుకు చెందిన లియాన్ డెలాయ్, అమెరికాకు చెందిన ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల తరంగంపై సముద్రానికి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు కూర్చుని సంభాషించుకొన్నారు. తరంగం పొట్టిదైనకొద్దీ, తక్కువ శక్తితోనే, పైపొరకు తగిలి భూమి చుట్టూ పోగలదని అప్పుడు తెలిసినది. పెద్ద కంపెనీలు తమ స్తంభాలవంక చూసుకొని ముక్కున వేలు వేసుకొన్నవి.

ఖడ్కీ నోరు, దౌండు చెవి

ఇక్కడినుంచి కథ మన దేశానికి వస్తున్నది. ఈ భాగం మన రైల్వే సోదరులకు ప్రత్యేకంగా నచ్చగలదని మా నమ్మకం.

మార్కోనీ, అతని ఇంజనీరు ఫ్రాంక్లిన్ కలసి హ్రస్వ తరంగాలను అద్దంతో దీపకాంతిని తిప్పినట్లు ఒకే దిక్కుకు తిప్పే పద్ధతి కనిపెట్టినారు. దానిని బీమ్ పద్ధతి అన్నారు. బ్రిటిషు ప్రభుత్వం 1924లో దానిని ఒప్పుకొని, తన సామ్రాజ్యంలోని దేశాలను దానితో కలిపినది. 1926లో కెనడా, 1927లో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అదే 1927లో ఇండియా ఇంగ్లండుతో కలిసినవి. అప్పటివరకు సముద్రగర్భంలో వేసిన కేబులే గతి. ఆ కేబులు కంపెనీలకు ఈ కొత్త పోటీ ఎంత దెబ్బ కొట్టినదంటే, 1929లో కేబులువారినీ వైర్‌లెస్‌వారినీ ఒకే సంస్థగా కలపవలసి వచ్చినది.

మన దేశంలో ఆ బీమ్ కేంద్రం రెండు చోట్ల ఉండేది. సందేశాలు పంపే ప్రసారిణి పూనా దగ్గర ఖడ్కీలో. వచ్చేవాటిని అందుకొనే రిసీవరు దౌండులో. సోలాపురం నుంచి పూనాకు వెళ్ళే మన పద్మశాలి సోదరులందరూ ఎన్నోమార్లు దాటిన దౌండు జంక్షనే అది. పూనాకు సుమారు 75 కిలోమీటర్ల దూరం. నోటినీ చెవినీ ఇంత దూరం ఎందుకు విడదీసినారని అడుగవచ్చు. పక్కనే నిలబడి గట్టిగా అరిచేవాడుంటే దూరాన్నుంచి వచ్చే సన్నని కేక వినబడదు కదా. ప్రసారిణి చేసే హోరులో రిసీవరు చెవిటిది కాకుండా, పంపడం అందుకోవడం ఒకేసారి సాగడానికి ఈ ఏర్పాటు. దౌండులో అందిన సంకేతాలు నేలమీది తీగలపై బొంబాయి ఆఫీసుకు చేరేవి. టెలిగ్రాముల లావాదేవీ అంతా బొంబాయిలో. ఇంగ్లండు నుంచి వచ్చిన మాట వినే చెవి మాత్రం పొలాల నడుమ దౌండులో.

పాఠకులు దీనిని కొంచెం నిదానించి గమనించవలెనని కోరుతున్నాము. చెవి ఒకచోట, వినేవాడు ఇంకొకచోట అన్న ఏర్పాటు ఈనాటి కంప్యూటర్లతో పుట్టినది కాదు. దాదాపు నూరేళ్ళ కిందటనే మన దక్కను పీఠభూమిమీద అది నడిచినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బి.బి.సి. వారు శత్రుదేశాల ప్రసారాలు వినేందుకు పెట్టిన శాఖ కూడ ఇదే పద్ధతిని అనుసరించినది. 1943 నుంచి వినేవారు కావర్‌షామ్ భవనంలో, ఏరియల్సు అక్కడికి కొద్ది మైళ్ళ దూరాన క్రౌస్లీ పార్కులో.

ఇంకొక చిత్రమేమంటే, ఖడ్కీ, దౌండు కేంద్రాలను నడిపిన కంపెనీ 1932లో కేబులు వ్యాపారంతో కలిసినది. 1947లో ప్రభుత్వపరమై ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీసు అయినది. 1986లో విదేశ్ సంచార్ నిగమ్‌గా మారినది. 1995 ఆగస్టు 15న మన దేశ ప్రజలకు మొట్టమొదట ఇంటర్నెట్ అందించినది ఆ నిగమమే. ఆనాడు దౌండులో హ్రస్వ తరంగాలను విన్న చెవికీ, ఈనాడు హ్రస్వ తరంగాలను మన సెల్‌ఫోనుకు మోసుకువచ్చే తీగకూ ఇంటిపేరు ఒకటే అన్నమాట.

మన ఇళ్ళకు వచ్చిన గొంతులు

టెలిగ్రాముల సంగతి అట్లుండగా, మాటలు, పాటలు కూడ ఆ తరంగాల మీద ఎక్కినవి. హాలెండులో ఫిలిప్స్ కంపెనీ 1927లోనే తూర్పుదేశాలవైపు ప్రసారం మొదలుపెట్టినది. మాస్కో రేడియో 1929లో, బి.బి.సి. ఎంపైర్ సర్వీసు 1932 డిసెంబరు 19న వచ్చినవి. మన కర్ణాటకలో మైసూరులో 1935లో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి గారు సొంత ఇంటిలో రేడియో కేంద్రం పెట్టి దానికి 'ఆకాశవాణి' అని పేరు పెట్టినారు. తరువాత దేశమంతటికీ ఆ పేరే నిలిచినది. 1936లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరు ఏర్పడినది. 1937 చివర ఢిల్లీలోను, 1938లో బొంబాయి, కలకత్తా, మద్రాసులలోను హ్రస్వ తరంగ ప్రసారిణులు వెలసినవి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమై తెలుగు కార్యక్రమాలను కూడ వినిపించినది.

ఆ తరంగాలు ప్రభుత్వం చేతిలోనే లేవు. 1942లో గాంధీజీ మొదలైన నాయకులందరూ జైలులో ఉన్నప్పుడు, బొంబాయిలో ఉషా మెహతా అనే 22 ఏళ్ళ యువతి, ఆమె మిత్రులు కలసి ఆగస్టు 27న రహస్యంగా కాంగ్రెస్ రేడియో మొదలుపెట్టినారు. తరంగం 42.34 మీటర్లు. పోలీసులు వెంటాడుతూంటే ఇల్లు మార్చి ఇల్లు మారుస్తూ నవంబరు 12 వరకు నడిపినారు. పత్రికలు నోరు మూసుకొన్న రోజులలో దేశం వార్తలు దేశానికి చెప్పినది ఆ 42.34 మీటర్లే.

స్వాతంత్ర్యం తరువాత 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైనది. హైదరాబాదులో 1935 నుంచి నడుస్తున్న దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. కాని ఇవి ప్రధానంగా మధ్యమ తరంగాలు, అంటే మీడియం వేవ్. పగలు ఆ చుట్టుపట్లకే పరిమితం. రాత్రిపూట మాత్రమే దూరానికి వస్తాయి. బరంపురంలోనో, సోలాపురంలోనో, హుబ్బళ్ళిలోనో ఉన్న తెలుగువాడికి పగటివేళ తెలుగు మాట వినిపించాలంటే హ్రస్వ తరంగమే దిక్కు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేవి. తరువాత సినిమాలలో గొప్ప పేరు తెచ్చుకొన్న కొంగర జగ్గయ్య గారు ఢిల్లీలో తెలుగు వార్తలు చదివినవారే.

ఇక రేడియో సిలోన్ సంగతి చెప్పకపోతే మన పెద్దలు మమ్మల్ని క్షమించరు. యుద్ధకాలంలో ఆగ్నేయాసియా సేనలకోసం కొలంబో దగ్గర నెలకొల్పిన శక్తివంతమైన హ్రస్వ తరంగ ప్రసారిణి తరువాత సిలోన్ ప్రభుత్వానికి దక్కినది. 1952 నుంచి 1962 వరకు మన దేశంలో సమాచార ప్రసార శాఖ చూసిన బి.వి. కేస్కర్ గారికి సినిమాపాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో పాటలు తగ్గినవి. జనం ముల్లు తిప్పి సిలోన్ పట్టుకొన్నారు. హిందీలో అమీన్ సయానీ గారి గొంతు 1952 నుంచి బినాకా గీతమాలతో దేశమంతా మారుమ్రోగినది. తెలుగువారికి మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇంటి ఆడపడుచు గొంతైనది. ఇది చూసి మన ప్రభుత్వం 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టినది. అది కూడ మొదట బొంబాయి, మద్రాసు హ్రస్వ తరంగ ప్రసారిణుల మీదనే వచ్చినది. పొరుగుదేశపు ప్రసారం వినే స్వేచ్ఛ శ్రోతకు ఉంటే, సొంత ప్రభుత్వమైనా తన పద్ధతి మార్చుకోక తప్పదని ఈ ఒక్క ఉదాహరణ చాలును.

డాబామీద రెండు వెదురుగడలకు కట్టిన రాగితీగ, పోస్టాఫీసులో కట్టిన లైసెన్సు రుసుము, వేడెక్కడానికి నిమిషం పట్టే వాల్వు సెట్టు: మా తరంవారికి ఇవన్నీ తండ్రులు, తాతలు చెప్పగా విన్నవే. కాని ఆ సెట్టు ముందు కూర్చున్నవారి తెలుగు ఆ ఇళ్ళలో నిలిచినదన్న సంగతి మాత్రం మేము కళ్ళారా చూస్తున్నాము.

నోళ్ళు తగ్గినవి, రణగొణ పెరిగినది

తరువాత ఉపగ్రహాలు, టెలివిజను, ఎఫ్.ఎం., ఇంటర్నెట్ వచ్చినవి. హ్రస్వ తరంగాలపై పెద్ద ప్రసారిణి నడపడానికి కరెంటు ఖర్చు విపరీతం. ఒక్కొక్క దేశమే మూసివేసుకొన్నది. స్విట్జర్లండు 2004లో, కెనడా 2012లో, ఆస్ట్రేలియా 2017 జనవరి 31న హ్రస్వ తరంగ ప్రసారాలను ఆపివేసినవి. బి.బి.సి. హిందీ హ్రస్వ తరంగ ప్రసారం 2020 జనవరి 31తో ఆగినది.

వినేవారి వైపు కూడ కష్టం వచ్చి పడినది. ఎల్.ఇ.డి. బల్బులు, సెల్‌ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటార్లు మన ఇళ్ళనిండా ఉన్నవి. వీటిలోపల కరెంటును సెకనుకు వేలసార్లు కట్టివేసి మళ్ళీ ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. దానివలన పుట్టే రొద సరిగ్గా హ్రస్వ తరంగాలమీదనే పడుతుంది. అటకమీది పాత సెట్టు దించి పెట్టినవారికి గరగర తప్ప వేరేమీ వినిపించకపోతే సెట్టు చెడిపోయినదని అనుకొంటారు. చాలాసార్లు చెడినది సెట్టు కాదు, చుట్టూ ఉన్న నిశ్శబ్దం. పట్టణంలో మంచినీళ్ళ బావి మురికిపట్టినట్లే పట్టణంలో ఆకాశం కూడ మురికిపట్టినది. అటువంటప్పుడు చేయగలిగినది ఒకటే: రొద లేనిచోట చెవి పెట్టుకోవడం. దౌండు పాఠం మళ్ళీ అక్కరకు వచ్చినది.

లెక్కలతో చేసిన రేడియో

పాత రిసీవరులో కాయిళ్ళు, కండెన్సర్లు ఉండేవి. 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ పద్ధతిమీద అవి ఒక్క స్టేషనును ఏరి, మిగిలినవాటిని తోసివేసేవి. ఒక సెట్టు, ఒక ముల్లు, ఒక స్టేషను.

కొత్త పద్ధతి వేరు. ఏరియల్‌లో పుట్టే విద్యుత్తును ఏమీ ఏరకుండా, సెకనుకు కోట్లసార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. 30 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నదంతా కావాలంటే, నైక్విస్ట్ సూత్రం ప్రకారం అందుకు రెండింతలు, అంటే సెకనుకు 6 కోట్లకు మించి కొలవాలి. ఆపైన పని అంతా లెక్కలది. స్టేషను ఏరడం, రొద తగ్గించడం, మాట విప్పడం, అన్నీ కంప్యూటరు గణితంతో చేస్తుంది. 1991లో జోసెఫ్ మిటోలా అనే ఇంజనీరు దీనికి సాఫ్ట్‌వేర్ రేడియో అని పేరు పెట్టినాడు.

మా ఉద్యోగం భాషలో చెప్పవలెనంటే, పాత రేడియో టిక్కెట్టు కిటికీ వంటిది. ఒకరి పని అయితేనే రెండవవారి పని. కొత్తది ఒకప్పుడు పెట్టెలకు అంటించే రిజర్వేషను చార్టు వంటిది. బండిలోని పేర్లన్నీ ఒకేసారి అందులో ఉంటాయి. పదిమంది ఒక్కసారే నిలబడి ఎవరి పేరు వారు చూసుకోవచ్చు. ఒకరు చూసినందువలన ఇంకొకరికి అడ్డు లేదు.

హాలెండులో పీటర్-చెర్క్ డి బోయర్ అనే ఔత్సాహికుడు దీనిని ఇంటర్నెట్‌తో ముడివేసినాడు. ఆ దేశంలో డ్వింగెలో అనేచోట 1956లో కట్టిన 25 మీటర్ల రేడియో దూరదర్శిని ఉన్నది. చంద్రునికి తగిలి వెనక్కు వచ్చే ఔత్సాహికుల సంకేతాలను దానితో నలుగురూ వినేటట్లు చేయాలన్న ఆలోచననుంచి వెబ్ ఎస్.డి.ఆర్. అనే ఏర్పాటు పుట్టినది. 2008లో అది ప్రజలకు అందినది. ఎన్‌స్కెడే పట్టణంలోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో ఆయన నెలకొల్పిన రిసీవరు 0 నుంచి 29 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న మొత్తం తరంగాలను ఒకేసారి అందుకొంటుంది. వందలమంది ఒకే సమయాన ఎవరికి ఇష్టమైనది వారు వింటారు. 2010 నవంబరులో ఆగిపోయి, కొత్త పరికరాలతో 2012 జూలైలో మళ్ళీ మొదలైనది. దాని ఏరియల్ చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మినీ విప్ అనే ఆ వస్తువు మూరెడు కూడ ఉండదు.

2012లోనే టెలివిజను చూడడానికి అమ్మే ఒక చవక ముక్కను రేడియో రిసీవరుగా మార్చవచ్చునని బయటపడినది. అప్పటినుంచి ఈ విద్య కుర్రవాళ్ళ జేబుఖర్చుకు అందినది. 2016లో న్యూజిలాండులో ఉన్న జాన్ సీమన్స్ అనే ఆయన కివి ఎస్.డి.ఆర్. అనే చిన్న పలకను తయారుచేసినాడు. 30 మెగాహెర్ట్జ్ వరకు అందుకొని నలుగురికి, కొన్ని ఏర్పాట్లలో ఎనమండుగురికి ఏకకాలంలో వినిపిస్తుంది. ఇవి ఐరోపా, అమెరికా, ఆసియా, సముద్రద్వీపాలలో కూడ నెలకొన్నవి. వాటిలో ఉపగ్రహాలనుంచి కచ్చితమైన కాలం తెలిసికొనే ఏర్పాటు ఉన్నది. ఒకే సంకేతం మూడుచోట్లకు చేరిన సమయాల తేడా కట్టి, అది ఎక్కడినుంచి పుట్టినదో ఇంచుమించుగా చెప్పవచ్చు. హంగేరీకి చెందిన అండ్రాష్ రెట్స్‌లర్ వ్రాసిన ఓపెన్ వెబ్ ఆర్.ఎక్స్. అనే ప్రోగ్రాము ఎవరైనా ఉచితంగా తీసుకొని వాడుకోవచ్చును.

వీటిని నడిపేవారు వ్యాపారస్థులు కారు. కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు తామే పెట్టుకొని, ముక్కూ మొగమూ తెలియని శ్రోతలకు తమ చెవిని ఎరువిస్తున్నారు. పాతకాలంలో బాటసారులకు చలివేంద్రం పెట్టినవారి కోవలోనివారు.

వినేవారికి నాలుగు మాటలు

రిసీవరు పుట తెరిస్తే జలపాతంవంటి రంగుల బొమ్మ కిందికి జారుతూ కనిపిస్తుంది. అందులో ప్రకాశించే ప్రతి గీతా ఒక ప్రసారమే. గీతమీద వేలుపెట్టి ఏ.ఎం. ఎంచుకొంటే మాట వినిపిస్తుంది. పగటివేళ 19, 16, 13 మీటర్ల దగ్గర, రాత్రివేళ 49, 41, 31 మీటర్ల దగ్గర వెదకాలి. పగలు రాత్రి అన్నది మనకు కాదు, రిసీవరున్న ఊరికి అన్న సంగతి మరువరాదు. మన గడియారంకంటె గ్రీనిచ్ కాలం 5 గంటల 30 నిమిషాలు వెనుక. మీటర్లను మెగాహెర్ట్జ్ చేయాలంటే 300ను మీటర్లతో భాగిస్తే చాలు.

ఔత్సాహికుల సంభాషణలు వినాలంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్.ఎస్.బి., 14 మెగాహెర్ట్జ్ దగ్గర యు.ఎస్.బి. పెట్టాలి. లేకపోతే బాతుల కూతలాగ ఉంటుంది. వి.యు. అని మొదలయ్యే పిలుపు వినిపిస్తే అతడు మన దేశంవాడే. విమానాలకు వాతావరణం చెప్పే కేంద్రాలు, కాలం చెప్పే కేంద్రాలు, ఓడలు, ఇంకా అర్థంకాని బుసలు, ఈలలు ఎన్నో ఉంటాయి. విన్నదంతా బయట చాటవలసినది కాదు. ఇతరుల సొంత మాటలు చెవినిబడితే అక్కడే వదలివేయడం మర్యాద.

పిల్లలకు ఒక పరీక్ష చెప్పదలచినాము. ఒకే స్టేషనును మూడు దేశాల రిసీవర్లలో ఒకే గంటలో వినమనండి. దగ్గరి రిసీవరులో నిశ్శబ్దం, వేలమైళ్ళ దూరానిదానిలో గట్టిగా! తరంగం దగ్గరివారి తలలమీదుగా దూకి దూరాన వాలినదన్నమాట. రిసీవరున్న ఊరిలో తెల్లవారుతూంటే దిగువ ఫ్రీక్వెన్సీలలోని దూరపు స్టేషన్లు ఒక్కొక్కటే దీపాలు ఆరినట్లు ఆరిపోతాయి. భూమి తిరగడం, సూర్యుడు ఉదయించడం చెవితో వినే పాఠం ఇది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

చెవి ఉన్నది, నోరు లేకపోతే?

ఇంతవరకు చెప్పినది చూసి, ఇక లోటేమున్నదని పాఠకులు అనుకోవచ్చు. ఉన్నది.

మొదటిది, ఈ దూరపు చెవి ఇంటర్నెట్ ఉన్నంతసేపే పనిచేస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో టెలిఫోనులు తెగిపోయినవి. ఔత్సాహిక ప్రసారాలకోసం హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరపున వెళ్ళిన భారతీ ప్రసాద్ గారి బృందం అప్పటికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నది. సరదాకు తీసుకువెళ్ళిన ఆ హ్రస్వ తరంగ యంత్రాన్నే వారు ఆపదలో ఉన్నవారి కబుర్లకు వాడినారు. నిజమైన రేడియోకు నడుమ తీగ అక్కరలేదు. అదే దాని ప్రాణం. 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం వచ్చినప్పుడు, పాతదని అనుకొన్న హ్రస్వ తరంగాన్నే బి.బి.సి. వారు మళ్ళీ తెరచి, 15735, 5875 కిలోహెర్ట్జ్‌లపై వార్తలు వినిపించినారు. కనుక దూరపు చెవి వచ్చినదని ఇంటిలోని చిన్న బ్యాటరీ సెట్టును పారవేయవద్దని మా మనవి.

రెండవది, ప్రసారిణులన్నీ మూతబడితే ఎన్ని చెవులున్నా వినడానికి ఏముంటుంది? వినేవారు లేరన్న మాటే మూసివేయడానికి సాకు. శ్రోతలు ఉన్నారని ఉత్తరం వ్రాయడం ఒకప్పుడు ప్రతి ఇంటి అలవాటు. ఇప్పటికీ ప్రసారం చేసే కేంద్రాలకు ఏ రోజున, ఏ గంటకు, ఎంత స్పష్టంగా వినిపించినదో వ్రాస్తే అది వారికి బలం.

మూడవది మన సొంత సంగతి. మన పిల్లలలో చాలామంది కన్నడమో, మరాఠీయో, ఒడియానో, తమిళమో బడిలో చదువుకొంటున్నారు. అది తప్పు కాదు. అన్నం పెట్టే నేల భాష నేర్వడం ధర్మమే. కాని తెలుగు అక్షరం చూస్తే కూడబలుక్కొనే స్థితి వచ్చినది. కంటికి పోయిన తెలుగు చెవికి మిగిలి ఉన్నది. ఆ చెవిని కూడ పోగొట్టుకొంటే ఇక మన సంఘాలకు బోర్డులే మిగులుతాయి. ఆకాశవాణి తెలుగు కేంద్రాలను సెల్‌ఫోనులో వినే వీలు ఇప్పుడు ఉన్నది; దానికి ఈ దూరపు రిసీవరు అక్కరలేదు. దూరపు రిసీవరు నేర్పేది ఇంకొకటి: తానే వెదకి, తానే ఏరి, ఓపికతో వినడం. ఆ అలవాటున్న చెవికి ఏ భాషా దూరం కాదు.

ఐరోపాలో ఉన్నన్ని ప్రజా రిసీవర్లు మన దేశంలో లేవు. మన సంఘం యువకులు నలుగురు కలిస్తే, రైలు కరెంటు తీగలకు, పట్నపు రొదకు దూరంగా, మన పెద్దల సొంత ఊళ్ళలో ఏదైనా ఒక డాబామీద ఇటువంటిది ఒకటి నెలకొల్పవచ్చు. ప్రభుత్వ నియమాలు ముందు తెలిసికొని, పంచాయతీ వారితో, అక్కడి బడి ఉపాధ్యాయులతో మాట్లాడి చేయవలసిన పని. పెద్ద ఖర్చు కాదు; ఒక పెళ్ళిలో బాణసంచా ఖర్చుకు సరితూగదు. అప్పుడు మనము వదలి వచ్చిన ఊరి ఆకాశం సోలాపురంలో, బరంపురంలో, హోసూరులో, యానాంలో ఉన్న మనవారందరికీ వినిపిస్తుంది. ఆ ఊరి పిల్లలకూ ప్రపంచం వినిపిస్తుంది. సొంత ఊరిలో పొలం అమ్ముకొని వచ్చినవారు కూడ అక్కడ ఒక చెవిని ఉంచుకోవచ్చు. దానికి శిస్తు లేదు.

ఈ విషయం రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలెనని సంఘం పెద్దలను వినయపూర్వకంగా కోరుతున్నాము. సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఉగాది శుభాకాంక్షలు.